ఒక గూటఁ జేరిన విమానములు

విమానసంస్థల కలయికతో మనకేమి పని యనుకొనరాదు. మా కమలాపుర ప్రాంతమునుండి కువైటునకుఁ బనికిఁ బోయిన తల్లు లెందఱో కలరు. సెలవు ముగియువేళ విమానము తప్పినచో వారి జీవనమే తప్పును.

1953 లో ప్రభుత్వమువారు హైదరాబాదునందలి దక్కను ఎయిర్‌వేసుతోఁ గూడఁ బలుసంస్థలను జాతీయము చేసి, స్వదేశయానమును ఇండియన్ ఎయిర్‌లైన్సునకును, విదేశయానమును ఎయిరిండియాకును ముఖ్యముగా నప్పగించిరి. 2007 లో నా రెంటిని నొక్కటి చేసిరి. కాగితముమీఁద నది సులభమే! రెండు కాపురము లొక వంటయింటఁ జేరినపిమ్మట పెద్దకోడ లెవరు?

విమానచోదకునకు జ్యేష్ఠతాక్రమమే సర్వస్వము. ఎవరు ముందు కెప్టెను కావలెను, ఎవరు పెద్దవిమానమున లండను దారిఁ బట్టవలెను, ఎవరు చిన్నవిమానముతోనే యుండవలెను, అన్నియు దానిని బట్టియే. ఆ వరుస ముందుగాఁ దేల్చి పిదపఁ గలుపవలసిన దని మా తలంపు. అట్లు జరుగలేదు. 2011 లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్సు చోదకులు సమానవేతనము కోరి పని మానిరి. 2012 లో డ్రీమ్‌లైనరు శిక్షణ వారికిని బంచుట కొల్లక రెండవపక్షమువారు 58 దినములు మానిరి. విదేశయానములు పెక్కు నిలిచిపోయెను.

2024 నవంబరులో విస్తారాయు ఎయిరిండియాలోఁ గలిసినది. ఆ యేఁటి ఏప్రిలునందే, క్రొత్త జీతపుటేర్పాటు నచ్చని విస్తారా చోదకులు పెక్కురు పనికి రాకపోఁగా, విమానము లనేకము రద్దయ్యెను.