నాన్నగారి లారీ రోజులు

మన పాఠకుల కుటుంబాలలో లారీ నడిపి పిల్లలను చదివించినవారు తక్కువేమీ కాదు. అయినను ఆ పనిని గూర్చి మన పత్రికలలో వ్రాసేది అరుదు. ఉపాధ్యాయులను గూర్చి వ్రాస్తాము, నర్సులను గూర్చి వ్రాస్తాము. రాత్రంతా మేలుకొని మన ఇంటికి బియ్యం, సిమెంటు, నేలకు పరచే బండలు చేర్చినవానిని మరచిపోతాము. మేము కిషన్‌బాగ్‌లో పెరిగిన నలుగురు పిల్లలము. మా నాన్నగారు 1962లో క్లీనరుగా లారీ ఎక్కారు, 1968లో స్టీరింగు పట్టారు, 1994లో దిగిపోయారు. ఇందులో ఆయన చెప్పగా విన్నవి కొన్ని, మేము కళ్లారా చూచినవి కొన్ని.

కిషన్‌బాగ్‌కు ఒక ప్రక్క మూసీ, మరొక ప్రక్క 1963లో తెరచిన జూ పార్కు. బహదూర్‌పురా మీదుగా ఆరాంఘర్ వైపు సాగే బెంగుళూరు రోడ్డు మీద రాత్రింబగళ్లు లారీలే. నాన్నగారి బండి మలుపు తిరుగుతున్నదని హారను వినకముందే, గేరు మార్చే చప్పుడును బట్టి అమ్మ పోల్చుకొనేది. వెంటనే లేచి పొయ్యి రాజేసేది. ఆ చప్పుడు వినబడని రాత్రులలో ఆమె నిద్రపోయినదో లేదో మాకు తెలియదు.

ఆ రోజుల్లో అందరూ 'బెంజి బండి' అని పిలిచిన లారీ జంషెడ్‌పూర్‌లో తయారయ్యేది. టెల్కో కంపెనీ 1954లో జర్మనీ వారి డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకొని టాటా-మెర్సిడెస్ లారీలను చేయనారంభించింది. 1969లో ఆ ఒప్పందం ముగిసి, బండి ముందున్న మూడు కోణాల నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. అయినా డ్రైవర్ల నోట చాలాకాలం అది బెంజి బండే. అశోక్ లేలాండ్ వారి కామెట్, హిందూస్థాన్ మోటార్స్ వారి బెడ్‌ఫోర్డ్, ఫార్గో బండ్లు కూడా తిరిగేవి. నాన్నగారు అన్నీ నడిపారు గాని, మనసు మాత్రం బెంజి మీదనే.

ఆయనకు పని నేర్పిన పెద్ద డ్రైవరు అంతకన్నా పాతవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు బొగ్గుతో బండ్లు నడిపినవారాయన. బండికి పెద్ద డ్రమ్ము బిగించి, అందులో బొగ్గు రాజేసి, వచ్చిన గ్యాసుతో ఇంజను నడపాలి. తెల్లవారుజామున లేచి విసిరి విసిరి మంట పట్టిస్తే గాని బండి కదలదు. పెట్రోలుతో వచ్చే శక్తిలో మూడో వంతు నుండి సగం దాకా పోయేది. ఎత్తు వస్తే దిగి నెట్టవలసిందే. మసి కంటే విషవాయువు ప్రమాదకరం. మూసిన షెడ్డులో ఆ డ్రమ్ము దగ్గర నిద్రపోయినవాడు మరల లేవకపోవచ్చు. "మీకేమిరా, డీజిలు పోసుకొని పోతున్నారు" అని ఆయన దెప్పేవారట.

డీజిలు పోసుకొని పోవడమూ సుఖమేమీ కాదు. పవర్ స్టీరింగు లేదు. పది టన్నుల పైచిలుకు బరువు ముందు చక్రాల మీదుగా నేరుగా డ్రైవరు భుజాలకు వచ్చేది. ఇరుకు సందులో నిలిచిన బండిని త్రిప్పాలంటే సీటులోనుండి లేచి, స్టీరింగు మీద పడి లాగాలి. గుంతలో చక్రం పడితే స్టీరింగు ఎదురు తిరిగి బొటనవ్రేలిని విరిచేది. అందుకే వ్రేళ్లు లోపలికి చుట్టవద్దని కొత్తవారికి మొదట చెప్పేవారు. నాన్నగారి అరచేతులు మా తలల మీద పెడితే జుట్టుకు గరుకుగా తగులుకొనేవి.

గేరు మార్చడం మరొక విద్య. క్లచ్చు ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, వదలి ఇంజనుకు కొంచెం రేజు ఇవ్వాలి, మరల తొక్కి క్రింది గేరు వేయాలి. ఈ రెండు తొక్కుళ్ల నడుమ సమయం చెవితో తెలుసుకోవాలి. తప్పితే పళ్లు కొరికినట్టు చప్పుడు. ఇంజనో, ప్రక్కనే క్యాబిన్‌లో, ఎడమ చేతి వైపు. వేసవిలో దాని మూతపై చేయి పెట్టలేము. కాలి చెప్పు కరిగి పెడలుకు అంటుకొనేదంటే మేము నవ్వేవాళ్లం. ఒకసారి ఆ చెప్పును తెచ్చి చూపించారు. ఇరవైయారు సంవత్సరాలు ఆ ఇంజను ప్రక్కన కూర్చున్నందున ఎడమ చెవి దాదాపుగా పోయింది. భోజనానికి కూర్చున్నప్పుడు మేము కుడి ప్రక్కన చేరేది అందుకే. బ్యాటరీ నీరసించిన బండిని ఎప్పుడూ పల్లం చూచి నిలిపేవారు, ప్రొద్దున జారుడుకు స్టార్టు చేయడానికి.

ఆయన ఎక్కువగా తెచ్చినది తాండూరు బండలు. మెహిదీపట్నం, చేవెళ్ల, వికారాబాదు మీదుగా దారి. చేవెళ్ల రోడ్డున ఇరువైపులా ఉన్న మర్రిచెట్లే డ్రైవర్లకు సత్రాలు. బండలను పడుకోబెట్టరు, నిలువుగా ఒకదానికొకటి ఆనించి పేర్చుతారు. పడుకోబెడితే కుదుపుకు పగులుతాయి. అయితే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కట్టు సడలితే అవి ముందుకు జారి క్యాబిన్ వెనుక చెక్కను చీల్చుకొని రాగలవు. ఆ చెక్కకు ఇవతల డ్రైవరు వీపు.

తాండూరు నుండి వచ్చేటప్పుడు అనంతగిరి ఘాటు దిగాలి. మా ఇంటి ప్రక్కన పారే మూసీ పుట్టేది ఆ కొండలలోనే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని నియమం. కొందరు డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేసి వదిలేవారు. నాన్నగారు ఎన్నడూ అలా చేయలేదు. అయినా 1974 వర్షాకాలంలో ఒక రాత్రి, మలుపుకొక బ్రేకు వేస్తూ దిగుతుంటే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోయింది. పెడలు నేలకు తాకింది గాని బండి ఆగలేదు. డబుల్ క్లచ్చు తొక్కి క్రింది గేరులోకి దించి, కుడి ప్రక్క మట్టిగట్టుకు బండిని రాయించారు. క్లీనరు కుర్రవాడు ఉరికి, "ఉస్తాద్, ఉస్తాద్" అని ఏడుస్తూ చక్రం క్రింద చెక్క వేశాడు. అది నలిగింది, రెండవది వేశాడు. లారీ నిలిచింది. తెల్లవారేదాకా ఇద్దరూ గట్టు మీదనే కూర్చున్నారు. మాకు ఈ సంగతి చెప్పినది ఆ క్లీనరే, పదేళ్ల తరువాత. నాన్నగారు అమ్మకు ఆనాటికీ చెప్పలేదు.

టైరుల సంగతి వేరే చెప్పాలి. అప్పటి రిమ్ములకు ఇనుప రింగు ఒకటి బిగించేవారు. గాలి ఎక్కించునప్పుడు అది సరిగా కూర్చోకపోతే తుపాకి గుండువలె ఎగిరి వచ్చేది. అందుకే గొలుసు చుట్టి, ఎడంగా నిలిచి గాలి కొట్టేవారు. ఇక టైరు పగిలితే దాని ఖరీదు జీతంలో కోసుకొనే యజమానులు ఉండేవారు. పాత టైరు ఇచ్చినది యజమానియే, ఎక్కువ లోడు వేయించినది యజమానియే. పగిలిన నేరం మాత్రం డ్రైవరుది! ఒక సంవత్సరం మా అన్నయ్య స్కూలు ఫీజు ఆ విధంగానే పోయింది. ఆ ఏడాది చివరి పరీక్షకు వాడు కూర్చోలేదు. నాన్నగారు నేటికీ ఆ మాట ఎత్తనివ్వరు.

చట్టం లేక కాదు. మోటారు రవాణా కార్మికుల చట్టము 1961లోనే వచ్చింది. పెద్దవారిని దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబది ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదని అందులో ఉండేది. ఈ సంగతి మేము కాలేజీలో చదువుకొని వచ్చి ఇంట్లో చెబితే, నాన్నగారు చాలాసేపు నవ్వి, "ఎనిమిది గంటలంటే ఒక్క లోడు ఎత్తడానికి చాలదురా" అన్నారు.

2025 జనవరిలో ఆరాంఘర్ నుండి జూ పార్కు వరకు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవరు తెరిచారు. ఆ ఏడాది అక్టోబరు 1 తరువాత తయారయ్యే లారీల క్యాబిన్‌లకు ఏ.సి. తప్పనిసరి అని ప్రభుత్వం నియమం చేసింది. ఎనభై ఏళ్ల నాన్నగారు అది నమ్మలేదు. ఆరాంఘర్ వద్ద నిలిచిన క్రొత్త లారీ ఒకటి చూపించాము. డ్రైవరు కుర్రవాడు మర్యాదస్థుడు; చేయి పట్టి పైకి ఎక్కించి, ఇంజను స్టార్టు చేసి, స్టీరింగు ఇచ్చాడు. నాన్నగారు అలవాటు చొప్పున భుజం బిగించి లాగబోయారు. అది ఒక్క వ్రేలితో తిరిగింది. చల్లగాలి వచ్చే చోట కాసేపు అరచేయి పెట్టి ఉంచారు. తరువాత కుడి చెవి అతని వైపు త్రిప్పి అడిగారు:

"బాబూ, టైరు పగిలితే మీ సేటు జీతంలో కోస్తాడా?"

"కోస్తాడు తాతా" అన్నాడా కుర్రవాడు.