పాత కారు, గట్టిపడిన బ్రేకు

కారు వయస్సును లెక్కించే విషయంలో మన చట్టానికి ఎట్టి సందేహమూ లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపైన బండిని తనిఖీ చేయించి అయిదేసి సంవత్సరాల చొప్పున పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ 1న 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దానిని 10,000 రూపాయలు చేశారు. పాత బండిని వదిలించుకొమ్మని ప్రభుత్వం మర్యాదగా చెప్పే పద్ధతి ఇది. పార్లమెంటులో ఈ విషయమై వచ్చే ప్రశ్నలకు మంత్రిత్వ శాఖ ఇచ్చే సమాధానాలలో సంవత్సరాలుంటాయి, రుసుములుంటాయి, తుక్కు కేంద్రాల సంఖ్యలుంటాయి. తొక్కిన బ్రేకు ఎందుకు పడలేదన్న ప్రశ్న మాత్రం గ్యాలరీలో ఇన్నేళ్లుగా కూర్చున్న నాకు ఎన్నడూ వినబడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెదకదలచిన వారికి జంషెడ్‌పూర్ తగిన ఊరు. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మెను పోసింది. 1945లో రైలు ఇంజన్ల కోసమని పుట్టిన టెల్కో, 1954 నుంచి జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీలు తయారు చేసింది. ఈ కర్మాగారాలలో పనికోసం ఉత్తరాంధ్ర పల్లెలనుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కూడలి స్థలం. మూడు తరాలుగా ఇనుముతో సహవాసం చేసిన ఊరిలో యంత్రం మాట వినగల చెవులు ఇంకా మిగిలి వున్నాయి.

2023 శీతాకాలంలో పనిమీద అక్కడికి వెళ్లినప్పుడు ఒక మిత్రుని కారు సంగతి నా దృష్టికి వచ్చింది. కార్బొరేటరు కాలపు చివరి తరానికి చెందిన పెట్రోలు కారు అది. 1998లో బీహారులో రిజిస్టరయింది. అంటే 2000 నవంబరు 15న అవతరించిన జార్ఖండ్ రాష్ట్రం కంటె వయస్సులో పెద్దది. దానికి రెండు జబ్బులు. కూడలిలో ఆగితే ఇంజను చలిజ్వరం వచ్చినట్లు వణికి ఆగిపోయేది. బ్రేకు పెడలు రాయిలా గట్టిపడేది. సువర్ణరేఖ మీది మాంగో వంతెన దిగుతుండగా ఒకనాడు రెండు కాళ్లతో తొక్కినా బండి ఆగక, చేతి బ్రేకు లాగితే, బడిపిల్లలతో నిండిన ఆటోకు జానెడు దూరంలో నిలిచిందట. మొదటి జబ్బుకు ఒక షెడ్డులో కార్బొరేటరు రెండుసార్లు విప్పారు. చివరకు ఐడ్లింగు స్క్రూ బిగించి శబ్దం పెంచి పంపారు. రెండవ జబ్బుకు మరొక షెడ్డులో బ్రేకు షూలు, ప్యాడ్లు మార్చారు. డబ్బు ఖర్చయింది, జబ్బులు పోలేదు. రిజిస్ట్రేషను పొడిగించే గడువు కూడ వచ్చింది గనుక తుక్కుకు అమ్మివేద్దామని మిత్రుడు నిశ్చయించుకున్నాడు.

అమ్మేముందు ఒకసారి చూపిద్దామని శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి, ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి విశ్రమించిన ఒక పెద్దాయన వద్దకు వెళ్లాము. ఆయన పానా పట్టుకోలేదు. ఇంజను ఆపించి, పెడలును అయిదారుసార్లు తొక్కి, చివరిసారి కాలు తీయకుండానే స్టార్టు చేయించాడు. పెడలు కదలలేదు.

“మంచి బండికి ఇంజను లేవగానే పెడలు కాస్త కిందికి దిగాలి బాబూ. దిగనేదంటే బూస్టరుకు ఊపిరందటం నేదు,” అన్నాడు.

ఈ బూస్టరు అనేది మన కాలి బలానికి తోడుగా వాతావరణం బలాన్ని అరువు తెచ్చుకునే పరికరం. బెల్జియం ఇంజనీరు ఆల్బర్ట్ దవాండ్ర్ 1920 దశకంలో దీనికి రూపమిచ్చాడు. పెట్రోలు ఇంజను గాలిని పీల్చేటప్పుడు దాని మ్యానిఫోల్డులో పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. ఒక గొట్టం ద్వారా అది బూస్టరు డబ్బాలోకి చేరుతుంది. పెడలు తొక్కగానే లోపలి రబ్బరు పొరకు ఒకవైపు బయటి గాలి ప్రవేశిస్తుంది, రెండవవైపు శూన్యమే వుంటుంది. ఆ తేడాయే మనకు సాయం. తొమ్మిది అంగుళాల వ్యాసం గల పొర మీద 20 అంగుళాల శూన్యం చూపే బలం లెక్కకు 280 కిలోల పైమాటే. శూన్యంలో ఇంత సారమున్నదని జీరో అవర్ చూసిన వారెవరూ ఊహించలేరు! డీజిలు ఇంజనులో ఇటువంటి శూన్యం ఏర్పడదు గనుక దానికి వేరే పంపు పెడతారు. ఈ ఊరి భారీ లారీలది మరొక దారి; వాటి బ్రేకులకు బిగించిన గాలే ఆధారం.

మిత్రుని రెండు జబ్బులూ ఒకటేనన్న అనుమానం పెద్దాయనకు అక్కడే కలిగింది. మ్యానిఫోల్డుకు శూన్యాన్ని కొలిచే గేజి తగిలించాడు. నిదానంగా తిరిగే ఆరోగ్యవంతమైన పెట్రోలు ఇంజనుకు ముల్లు 17, 21 అంగుళాల నడుమ కదలకుండా నిలవాలి. ఎత్తైన ఊళ్లలో వెయ్యి అడుగులకు ఒక అంగుళం చొప్పున తగ్గించుకోవాలి. జంషెడ్‌పూర్‌లో ఆ తేడా అర అంగుళానికి మించదు. ఇక్కడ ముల్లు 14 దగ్గర నిలిచింది. వాల్వు చెడితే ముల్లు లయగా కొట్టుకుంటుంది. ఇది కొట్టుకోలేదు, నిలకడగా తక్కువ చూపింది. జ్వలనం ఆలస్యమైనా ఇలాగే వుంటుంది. కాని పెద్దాయన బూస్టరుకు పోయే గొట్టాన్ని వేళ్లతో గట్టిగా నొక్కగానే ముల్లు 19కి లేచింది, వణుకు ఆగింది. దొంగ గాలి ఎటునుంచి వస్తున్నదో ఇక చెప్పనక్కరలేదు.

తరువాత ఒక అగరువత్తి వెలిగించి బూస్టరు అంచుల వెంబడి తిప్పాడు. గొట్టం బూస్టరును కలిసేచోట, నాన్-రిటర్న్ వాల్వును పట్టివుంచే రబ్బరు వాషరు వద్ద పొగ లోపలికి వంగింది. ఇరవై అయిదేళ్ల వేడికి ఆ వాషరు అప్పడంలా ఎండి బీటలు వారింది. (పెట్రోలు ఆవిరి వుండే కార్బొరేటరు దగ్గర మాత్రం ఆయన నిప్పు తేడు, అక్కడ సబ్బు నీళ్లు చల్లి ఐడ్లింగు మారుతుందేమో చూస్తాడు.) వేగంగా పోయేటప్పుడు ఇంజను పీల్చే గాలి ముందు ఈ చిల్లు గాలి లెక్కలోనిది కాదు, ఆగినప్పుడే మిశ్రమం పలుచనై వణుకు పుడుతుంది. రోడ్డు మీదికి తీసుకువెళ్లి ‘బాగానే పోతున్నది’ అనే షెడ్లకు ఈ జబ్బు దొరకనిది అందుకే. స్క్రూ బిగించి శబ్దం పెంచితే వణుకు మరుగున పడుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, బ్రేకు మాత్రం అలాగే వుంటుంది.

కొత్త వాషరు వంద రూపాయలకు లోపే వచ్చింది. స్క్రూను తిరిగి వదులు చేశాక మళ్లీ అదే పరీక్ష. ఈసారి పెడలు మెత్తగా దిగింది. ఇంజను ఆపి అయిదు నిమిషాలు వేచి తొక్కినా మొదటి రెండు తొక్కులకు సాయం అందింది. అంటే డబ్బా శూన్యాన్ని పట్టి వుంచుతున్నదన్నమాట.

పెడలు గట్టిపడటం ఒక జబ్బు, మెత్తబడటం మరొకటి. స్పాంజిలా ఆడితే గొట్టాలలో గాలి చేరింది. తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా కుంగితే మాస్టరు సిలిండరు లోపలి రబ్బరు కప్పు ఓడిపోయింది. బండి ఒక పక్కకు లాగితే చక్రం సిలిండరును చూడాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్తలో 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు అది ఆవిరైతే పెడలు నేలకు తగులుతుంది. కొందరు అందులో ఇంజను ఆయిలు కలుపుతారు, రబ్బరు భాగాలన్నీ ఉబ్బి పాడవుతాయి. తనిఖీ కేంద్రంలోని రోలరు యంత్రం ఏ చక్రం ఎంత బలంతో ఆగిందో కొలవగలదు. ఎందుకు ఆగలేదో అది చెప్పదు. చెప్పగలవారు షెడ్లలో వుండాలి. అటువంటివారికి శిక్షణ ఇచ్చే విషయంలో మన విధానకర్తలకు తుక్కు కేంద్రాల మీద వున్నంత శ్రద్ధ నాకు కనిపించదు.

ఆ సాయంత్రమే పక్కింటివారి కారు కూడ వచ్చింది. ఇది మొదటిదానికంటె ఎనిమిదేళ్లు చిన్నది, చూడటానికి నిగనిగలాడుతున్నది. బ్రేకు ఆయిలు నెలనెలా తగ్గుతున్నదట, చక్రాల దగ్గర చుక్క కూడ కారడం లేదట. పొగ గొట్టంనుంచి తెల్లని పొగ వస్తున్నది. పెద్దాయన మాస్టరు సిలిండరు వదులుచేసి బూస్టరులోకి తీగ దించి చూశాడు. తీగ తడిగా వచ్చింది. వెనుక సీలు పోయి ఆయిలు బూస్టరులోకి, అక్కడినుంచి ఇంజనులోకి పోతున్నది. రెండు భాగాలూ మార్చేదాకా బండి కదలరాదన్నాడు. ఈ ఒక్క పూటకు మాంగో దాకా వెళ్లి వస్తానని యజమాని బతిమాలాడు.

“నడిచెల్లండి బాబూ. రెండు మైళ్లే గదా,” అని పెద్దాయన తాళంచెవిని తన జేబులో వేసుకున్నాడు.