ఎకాలజీలో పీజీ చేస్తారా? సీటు కంటే ముందు ఫీల్డ్ వర్క్ సంగతి అడగండి!

పర్యావరణ రంగంలో పీజీ చేద్దామనుకుంటున్నారా? అయితే విశాఖ కుర్రాళ్లకు ఓ ప్లస్ పాయింట్ ఉంది. ఈ నగరమే పెద్ద ల్యాబ్!

ఒకవైపు పోర్టు, స్టీల్ ప్లాంట్. ఇంకోవైపు కంబాలకొండ అభయారణ్యం, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. చుట్టూ కొండలుండటంతో గాలిలో దుమ్ము త్వరగా బయటకు పోదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది.

ఫీల్డ్‌లో ఏం చేస్తారు?

నేల మీద చదరపు ఫ్రేమ్ పెట్టి, అందులో ఉన్న మొక్కల్ని లెక్కిస్తారు. దీన్నే క్వాడ్రాట్ అంటారు. ఒకే గీత వెంట నడుస్తూ పక్షుల్ని, జంతువుల్ని నమోదు చేయడం ట్రాన్సెక్ట్. ఒక్కసారి వెళ్తే సరిపోదు. ఎండాకాలంలోనే చూస్తే వానలకు మొలిచే మొక్కలు లెక్కలోకే రావు.

ఇదెందుకంత ముఖ్యం?

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ నివేదికల్లోకి వెళ్లేది ఇలాంటి లెక్కలే. సర్వేలో రాయని జీవి కాగితం మీద లేనట్టే!

అందుకే చేరే ముందు ఈ మూడు అడగండి..

* ఏడాదికి ఎన్ని ఫీల్డ్ రోజులు?
* ప్రాజెక్టుకు సొంతంగా డేటా సేకరించాలా?
* ప్రయాణ ఖర్చు ఎవరిది?

ఆంధ్ర యూనివర్సిటీలో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ ఉంది. అడ్మిషన్లు ఏపీ పీజీసెట్ ద్వారా జరుగుతాయి.