రెండో సిలిండరు కష్టం

పేదింటికి గ్యాస్ కనెక్షన్ ఇప్పించడం పుణ్యకార్యమని మన దాతలకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ ఇంట్లో పొగ ఆగేది మొదటి సిలిండరుతో కాదు. రెండోది, మూడోది కూడా సమయానికి వస్తేనే. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో పాతికేళ్లుగా చూస్తున్నది ఇదే.

1999లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం తెచ్చి, డ్వాక్రా మహిళల తరఫున కనెక్షన్ డిపాజిట్ కట్టింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం మొదలుపెట్టింది. కనెక్షన్లు వచ్చాయి గాని కట్టెల పొయ్యి పోలేదు. చాయ్‌కి, చుట్టాలొచ్చినప్పుడు గ్యాస్. అన్నానికి, నీళ్లు కాచడానికి కట్టెలు. అడవి పక్కనున్న ఊళ్లో కట్టెకు ఒంటి కష్టం చాలు, సిలిండరుకు మాత్రం ఒకేసారి తొమ్మిది వందలకు అటూఇటూగా చేతిలో ఉండాలి. ఆ ఇల్లాలికి లెక్క తెలియక కాదు, తెలిసే కట్టె ముట్టిస్తుంది.

కట్టె పూర్తిగా కాలదు. కార్బన్ మోనాక్సైడ్, కంటికి కనిపించనంత సన్నని నుసి వదులుతుంది. ఆ నుసి ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. ఇళ్లలోని ఇలాంటి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రంజాన్‌లో సహరీ వేళ, ఒక్క గది ఇంట్లో పిల్లలు పడుకున్న చోటే పొయ్యి ముట్టించే తల్లిని తలచుకుంటే ఈ అంకె మనకు దూరమనిపించదు.

2024 ఫిబ్రవరి 27న తెలంగాణలో 500 రూపాయల సిలిండరు మొదలైంది. మంచి పథకమే. కాని ముందు పూర్తి ధర కట్టాలి, మిగతాది తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. పైగా ఎన్ని సిలిండర్లకు సబ్సిడీ అన్నది గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. డబ్బుల్లేక తక్కువ వాడినవారికే తక్కువ వస్తుందన్నమాట! వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ తీసుకునే మన జగిత్యాల, నిర్మల్ చెల్లెళ్లకు ఇక్కడే చిక్కు.

స్వచ్ఛ ఇంధనం ఆడవాళ్లకు ఖర్చుగా కాక రాబడిగా వచ్చిన ఊరు ఆదిలాబాద్ ఏజెన్సీలోనే ఉంది. పవర్‌గూడ గోండు మహిళలు కానుగ గింజల నుంచి నూనె తీశారు. అది వంటకు కాదు, డీజిల్‌కు బదులు. అలా పదేళ్లలో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. ఆ సొమ్ముతో వాళ్లు కానుగ నారు పెంచారు.

అలాంటి రాబడి అన్ని ఊళ్లకూ దొరకదు. మనకు చేతనైంది ఖర్జె హసనా. సిలిండరు 900 అనుకుంటే, 500 ఆ చెల్లెలు పెట్టుకుంటుంది, 400 సంస్థ ఇస్తుంది. సబ్సిడీ పడగానే తిరిగి కడుతుంది. ఇరవై ఇళ్లకు 8,000 రూపాయలు చాలు, అదే డబ్బు మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సబ్సిడీ కోటా అయిపోయిన ఇళ్లకు మాత్రం అప్పు పనికిరాదు, అక్కడ సదఖాయే కావాలి. అందుకని ఈ రెండు పద్దులూ మొదటి నుంచే విడిగా రాయాలి. ఎవరి ఖాతాలో సబ్సిడీ పడింది, ఎవరిది ఆగింది అన్నది చూసుకోవడానికి ఆ వీధి స్త్రీలలోనే ఒకరిని పెట్టుకుంటే మేలు.