నల్లమలలో ఒక రోజు నడక

పిల్లలూ! డోంగర్‌గఢ్‌లో బమ్లేశ్వరి మాత కొండ ఎక్కనివాళ్లు మన భిలాయిలో తక్కువే. వెయ్యికి పైగా మెట్లు, దారి పొడవునా దుకాణాలు, దాహం వేస్తే నీళ్ల సీసాలు. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాం. కావలసినవన్నీ వీపున మోసుకుంటూ రోజంతా కొండల్లో నడవడం దీనికి పూర్తిగా వేరు. దాన్ని ఇప్పుడు ట్రెక్కింగ్ అంటున్నాం కానీ, మనవాళ్లకు అది కొత్తేమీ కాదు.

శ్రీశైలానికి బస్సులు లేని రోజుల్లో యాత్రికులు నల్లమల అడవిలో నడిచే వెళ్లేవారు. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరున్న వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సుమారు 40 కిలోమీటర్ల దారి అది. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా శ్రీశైలం చూసుకుని వెళ్లారు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి అని ఆయన ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. ఆయన వెళ్లింది పల్లకీలో అనుకోండి. నడిచింది బోయీలు!

ఇప్పటికీ శివరాత్రికీ ఉగాదికీ వేలమంది ఈ అడవిదారిన నడుస్తారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులైతే ఇంకా ఎన్నో రోజులు ముందే బయలుదేరతారు. ఒక శివరాత్రికి నేనూ నడిచాను. చాలామంది లాగే పెద్దచెరువు దగ్గర రాత్రి పడుకుని, మర్నాడు శ్రీశైలం చేరాం. ఆ రెండో రోజు నడకలో ఉన్న లెక్కలే మీకు చెబుతాను.

మొదటి లెక్క బరువు. బడి సంచి పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది కదా. కొండదారిలోనూ మీకు అదే మంచి కొలత. మీరు 35 కిలోలుంటే సంచి మూడున్నర కిలోలు. లీటరు నీళ్లంటే కిలో. రెండు లీటర్లు పెట్టుకుంటే మిగిలేది కిలోన్నర. అందులోనే అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, ఒక దుప్పటి, ఒక జత మేజోళ్లు, టార్చిలైటు సర్దాలి. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలో జరిగే చర్చే ఇక్కడా జరుగుతుంది: ఇది కావాలా, అక్కడ దొరకదా? ఈ విషయంలో మీరు మిగతా పిల్లలకంటే ఆరితేరినవాళ్లు. బరువైన వస్తువును సంచి అడుగున కాకుండా వీపుకు ఆనుకుని, భుజాలకు కొంచెం కింద ఉండేలా పెట్టండి. బరువు వెనక్కి లాగితే ముందుకు వంగి నడవాలి, నడుం పట్టేస్తుంది.

రెండోది సమయం. స్కాట్లండ్‌కు చెందిన నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో ఒక సూత్రం చెప్పాడు. చదును దారిలో 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 15 కిలోమీటర్లు నడిచి 300 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలు. ఇది ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. పిల్లలు, సంచులు, భోజనం, విశ్రాంతి అన్నీ కలిపి రెట్టింపు వేసుకోవాలి, అంటే 7 గంటలు. ఉదయం 6కి కదిలితే మధ్యాహ్నం 1కి చేరతాం. 11కి కదిలితే సాయంత్రం 6, చీకటి పడే వేళ. అది పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అభయారణ్యం. అందుకే మా బృందంలో పెద్దాయన ఒకరు ఇంకా చీకటి ఉండగానే అందరినీ లేపేశారు. ఆయన్ని అప్పుడు విసుక్కున్నవాళ్లున్నారు.

ఆయన తొందరపెట్టడానికి అసలు కారణం భీముని కొలను. ఈ దారిలో కష్టమైన చోటు మొదట్లో లేదు, చివర్లో ఉంది. కొలను లోతైన లోయలో ఉంటుంది. అక్కడికి దిగాక కైలాసద్వారం దాకా వందల మెట్లు ఎక్కాలి. అప్పటికి కాళ్లు అలసిపోయి ఉంటాయి, సీసాలో నీళ్లు అడుగంటుతాయి, ఎండ నెత్తి మీదకు వస్తుంది. కాబట్టి పొద్దున చల్లగా ఉన్నప్పుడు పరుగెత్తి ఓపికంతా ఖర్చు పెట్టకూడదు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. ఆయాసంతో మాట ఆగిపోతుంటే వేగం ఎక్కువైందని అర్థం. నీళ్లు కూడా దాహం వేశాక గటగటా తాగడం కాదు, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనక ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే వదలొద్దు.

పాదాల సంగతి చాలామంది పట్టించుకోరు. తడిసిన మేజోడు చర్మాన్ని మెత్తబరుస్తుంది, ఆపైన రాపిడికి బొబ్బ లేస్తుంది. మడమ దగ్గర చురుక్కుమనగానే ఆగి, పాదం తుడిచి, పొడి మేజోళ్లు వేసుకుని, ఆ చోట ప్లాస్టర్ అంటించాలి. "ఇంకో కిలోమీటరు చూద్దాంలే" అనుకుంటే ఆ కిలోమీటరులోనే బొబ్బ పగులుతుంది. కొత్త బూట్లతో అసలు బయలుదేరవద్దు.

మీరు నమ్మరు గానీ, మర్నాడు కాళ్లు నొప్పెట్టేది ఎక్కినందుకంటే దిగినందుకే ఎక్కువ. దిగేటప్పుడు ఒళ్లు ముందుకు తూలకుండా తొడ కండరాలు బ్రేకుల్లా పట్టి ఉంచుతాయి. సాగుతూనే బిగుసుకోవాల్సి రావడంతో వాటిలో సన్నని చిరుగులు పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు, ఒకటి రెండు రోజులకు బాగా తెలుస్తుంది. చిన్న అడుగులు వేస్తూ, మోకాలు కొద్దిగా వంచి, చేతికర్ర ఆనించి దిగితే భారం తగ్గుతుంది. నేను శ్రీశైలం నుంచి వచ్చాక రెండు రోజులు బడి మెట్లు గోడ పట్టుకునే దిగాను. అప్పటి నా ఎనిమిదో తరగతి పిల్లలకు అది మంచి వినోదం.