ఇల్లాలికి షుగరొస్తే ఇంటాయన ఏం చేయాలి?

చక్కెర వ్యాధి ఇక పట్నం జబ్బు కాదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా దీని బారిన పడ్డారు. చిత్తూరు, తిరుపతి పల్లెలూ ఇందుకు మినహాయింపు కాదు.

మగవాడికి జబ్బు వస్తే ఇల్లాలు పథ్యం వండి పెడుతుంది. మరి ఇల్లాలికే వస్తే? ఆమె అందరికీ వడ్డించి, మిగిలింది చివర్లో తింటుంది. మాత్ర వేసుకుని వేళకు తినకపోతే కొన్ని మందులతో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. స్పృహలో ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. తేరుకోకపోతే 108కు ఫోన్ చేయాలి. వేళకు ఆమెను ముందు తినమనడమే ఇంటాయన మొదటి పని.

ఆమెకు వేరే వంట వద్దు, ఇంటిల్లిపాదికీ ఒకటే వండాలి. రాగి సంగటి మంచిదే గానీ, ముద్ద మీద ముద్ద తింటే చక్కెర పెరుగుతుంది. ముద్ద చిన్నది చేసి ఆకుకూర, పప్పు, అనపగింజల కూర ఎక్కువ వేసుకోవాలి. పంచదార చెరుపు, మన బెల్లం మేలు అన్న మాట నమ్మవద్దు. రెండూ చక్కెరను పెంచేవే. తిరుమల లడ్డు వస్తే చిటికెడు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది పంచితే సరి.

సాయంత్రం ఇద్దరూ కలిసి అరగంట నడవాలి. రాత్రి ఆమె పాదాలు చూడాలి. తిమ్మిరి పట్టిన కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు ముదిరితే కాలికే ముప్పు. చక్కెర తగ్గిందని డాక్టరును అడక్కుండా మాత్రలు మానరాదు. పరీక్షకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆమెను ఒంటరిగా పంపక, వెంట వెళ్లాలి.

ఇన్నేళ్లు మన ఆకలి చూసిన మనిషి ఆకలి ఇక మనం చూడాలి.