పెట్రోలు ట్యాంకు మూత వదులైతే

ఈవేళ కారు గురించి చెబుతానంటే, "అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకమ్మా" అంటారేమో. పోనీ, కారు వాళ్ళదే అనుకుందాం. అది నిలబడేది మాత్రం మన వాకిట్లోనే కదా! పైగా కారు నడిపే ఆడవాళ్ళు ఇప్పుడు మా వీధిలోనే నలుగురున్నారు. నేను చదివింది పదో తరగతి. ఇంజను సంగతులు నాకు తెలియవు. నేను చెప్పబోయేదల్లా ఒక్క మూత గురించి. మూతల విషయంలో మనకంటే అనుభవం ఎవరికుంది చెప్పండి?

మా వారు ఒక పాత పెట్రోలు కారు కొన్నారు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తె రోజుల్లో ఒక సాయంత్రం వంటింట్లోకి ఘాటుగా ఏదో వాసన వచ్చింది. గ్యాస్ లీకవుతోందేమోనని హడలిపోయాను. స్విచ్చి కూడా ముట్టుకోకుండా రెగ్యులేటరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచాను. వాసన తగ్గకపోగా ఇంకా ఎక్కువైంది. తీరా చూస్తే అది పెట్రోలు వాసన! కిటికీ అవతలే కారు. ట్యాంకు మూత సగం విడివడి వేళ్ళాడుతోంది. మా వారు వచ్చి బిగించారు. మర్నాడు మళ్ళీ అదే వరస. మూడోనాడు పాలిథిన్ కవరు ముక్క మడిచి మూత కింద పెట్టి బిగించి, "ఇక కదలదు చూడు" అన్నారు. నేనూ నమ్మాను. ఊరగాయ జాడీ మూత వదులైతే గుడ్డ చుట్టి బిగించేదాన్ని నేనే కదా!

తర్వాత సర్వీసింగు కోసం వచ్చిన మెకానిక్ ఆ కవరు ముక్క తీసి పారేసి, మూత సంగతి వదిలేసి ఇంకోటి అడిగాడు. "అమ్మా, తులసికోట దగ్గర రోజూ దీపం పెడతారా?" పెడతానన్నాను. కారు వెనక చక్రానికీ, తులసికోటకీ మధ్య ఉన్నది నాలుగడుగులు. అప్పుడు అతను చెప్పింది వింటే నాకు కాళ్ళు వణికాయి.

మండేది పెట్రోలు కాదట, పెట్రోలు ఆవిరట. సున్నాకి దిగువన నలభై డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని అది వదులుతుంది. మన ఎండల్లో సంగతి వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా నేలబారున పాకుతుంది. పల్లంలో నిలబడుతుంది. దారిలో దీపం తగిలినా, అగరొత్తి వెలిగించబోయిన అగ్గిపుల్ల తగిలినా వెనక్కి ట్యాంకు దాకా మంట పరిగెత్తవచ్చు. ఇక మూత కింద గుడ్డపీలిక పెట్టామంటే దీపానికి వత్తి వేసినట్టే. పాలిథిన్ అయితే పెట్రోలుకి ఉబ్బి మెత్తబడుతుంది. ముక్క ఊడి ట్యాంకులో పడితే అదో తద్దినం.

అసలు మూత ఎందుకు వదులవుతుంది? పగటి వెలుతురులో, ఇంజను ఆపి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని మూత నెమ్మదిగా తిప్పి తీయండి. ఎండలో నిలిచిన బండైతే బుస్సుమంటుంది, మొహం దూరంగా పెట్టండి. మూత లోపల నల్లటి రబ్బరు చుట్టు ఉంటుంది. అచ్చం మన కుక్కరు మూతకుండే రబ్బరు లాంటిదే. దాని మీదా, ట్యాంకు గొంతు అంచు మీదా దుమ్మూ ఇసకా పేరుకుంటే మూత సరిగా కూర్చోదు. నూలుపోగులు రాలని పొడిగుడ్డతో తుడవండి. నూనె రాయకండి, సబ్బునీళ్ళు వద్దు. తర్వాత రబ్బరుని వేలితో కొంచెం వంచి చూడండి. పగుళ్ళున్నా, అప్పడంలా అణిగిపోయినా, గట్టిపడినా దాని ఆయుష్షు తీరినట్టే. కుక్కరు రబ్బరైతే ఫ్రిజ్‌లో పెట్టి ఇంకో నాలుగు రోజులు నడిపిస్తాం. ఇక్కడ ఆ పప్పులుడకవు.

రబ్బరు బాగానే ఉంటే మూత పెట్టే తీరు చూడాలి. మరలు వంకరగా ఎక్కితే బిగిసినట్టే ఉంటుంది, నాలుగు గతుకులకి ఊడుతుంది. హార్లిక్సు సీసా మూతకి మనం చేసే పనే ఇక్కడా చేయండి. ముందు ఎడమవైపుకి కొద్దిగా తిప్పితే, మర గాడిలో దిగినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు కుడివైపుకి తిప్పండి. మూతకి కట్టిన ప్లాస్టిక్ తాడు మధ్యలో ఇరుక్కోకుండా చూడండి. మా ఇంట్లో ఒకసారి అదే జరిగింది! చాలా మూతలు బిగిశాక టకటకమని చప్పుడు చేస్తాయి, అది విని ఆపేయవచ్చు. ఎంత తిప్పినా ఆ చప్పుడు రాకపోతే లోపలి పళ్ళు అరిగినట్టు, మూత మార్చాల్సిందే. ట్యాంకు గొంతే తుప్పుపట్టి ఉంటే మాత్రం మన చేతిలో లేదు, మెకానిక్‌కి చూపించాలి.

మా కారు మూత అసలు ఆ కారుదే కాదని తేలింది. పాత యజమాని అసలు మూత ఎక్కడో పోగొట్టుకుని, చూడ్డానికి అలాగే ఉన్నది ఒకటి కొని తగిలించాడట. "మూత మూతే కదా, ఏదైతేనేం" అంటారా? నూనె డబ్బాకి ఒకే కన్నం పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది, రెండో కన్నం పెడితే ధారగా వస్తుంది కదా. అలాగే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్ళాలి. చాలా మూతల్లో అందుకోసం చిన్న కవాటం ఉంటుంది. గాలి లోపలికి పోవాలి, ఆవిరి బయటికి రాకూడదు. అందుకే కారు పేరూ, నమూనా సంవత్సరమూ చెప్పి దానికి తగిన మూతే అడగండి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఈ కథంతా ఫోనులో విని నవ్వింది. వాళ్ళ కారులో ఇంజను బొమ్మ దీపం వెలిగితే పెద్ద ఖర్చే వచ్చిపడిందని భయపడిందట. తీరా చూస్తే మూత సరిగా బిగించలేదు! అక్కడి కార్లలో ట్యాంకు ఆవిరి తప్పించుకుంటోందా అని కంప్యూటరు కనిపెడుతుంది. మూత బిగించగానే ఆ దీపం ఆరిపోదు, కొన్నిసార్లు బండి నడిపాక ఆరుతుంది. అప్పటికీ ఆరకపోతే చూపించుకోవాలి.

బంకులో ఇంకో సంగతి. గొట్టం దానంతటది ఆగాక కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేస్తానండీ" అంటాడు. వద్దనండి. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది, దానికి చోటుండాలి. చాలా కార్లలో ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. గొంతుదాకా పోస్తే పెట్రోలు అందులోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

కొత్త మూత వచ్చి ఏడాది దాటింది. మా వారు ఇప్పుడు బంకులో కారు దిగి, ఆ టకటక తన చెవులతో విన్నాకే డబ్బిస్తున్నారు. తులసికోటని నేను కదల్చలేదు. కారునే గేటు పక్కకి, వంటింటి కిటికీకి దూరంగా పెట్టిస్తున్నాను. అక్కడ నీడ లేదని ఆయన సణుగుతూనే ఉన్నారు.